సంతకం మీదేనా, కాదా?

ప్రోనోటు దావాలో జడ్జికి ముందుగా తేలాల్సింది ఒక్కటే: నోటు మీద ఉన్న సంతకం ప్రతివాదిదేనా, కాదా? ఆ ముక్క ప్రతివాది జవాబులో, అంటే రిటన్ స్టేట్‌మెంట్‌లో ఉండాలి. తెరిచి చూస్తే తరచుగా కనిపించేది ఇది. సంతకం నాది కాదు, ఫోర్జరీ. నాదే అయినా ఖాళీ నోటు మీద పెట్టించుకున్నారు. డబ్బు ముట్టలేదు. ముట్టినా ఎప్పుడో తీర్చేశాను.

పొసగని వాదనలు పక్కపక్కనే పెట్టుకోవడానికి చట్టం ప్రతివాదికి కొంత చోటిచ్చిన మాట నిజమే. అయితే ఆ చోటంతా వాడేసుకున్న వకీలు జడ్జి చేతికి ఏమీ ఇవ్వనట్టే. సంతకం ఒప్పుకుంటే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 118వ సెక్షను ప్రకారం డబ్బు ముట్టిందనే కోర్టు అనుకుంటుంది. ముట్టలేదని చూపించే భారం ప్రతివాదిది. సంతకం కాదంటే బరువు వాది నెత్తిన పడుతుంది. నోటు రాసినాయన్ని, సాక్షి సంతకం చేసినాయన్ని బోనెక్కించాలి. వేలిముద్రల, చేతిరాతల నిపుణుడికి పంపాలంటే పోల్చి చూసుకోవడానికి ఆ కాలంనాటి ఒప్పుకున్న సంతకాలు కావాలి. వకాలత్ మీద సంతకం అందుకు అంతగా పనికిరాదు, అది తగాదా మొదలయ్యాక పెట్టింది కదా. బ్యాంకు కాయితమో రిజిస్టర్డు దస్తావేజో వెతికి తెప్పించాలి. ఈ పనంతా వాదనల రోజున గుర్తొచ్చిన వకీలుని చూసి జడ్జి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెడతారు.

సివిల్ కోర్టులో వకీలుకి ఉండాల్సింది వాగ్ధాటి అని సినిమా కోర్టులు నేర్పాయి. తాలూకా కోర్టులో ఒక పూట వెనక బెంచీ మీద కూర్చుంటే సంగతి వేరని తెలుస్తుంది. కక్షిదారు ఇరవై ఏళ్ల పగని మూటగట్టుకొస్తాడు. గట్టు తగాదా, పెళ్లిలో జరిగిన అవమానం, పెదనాన్న మాట తప్పడం, అన్నీ అందులోనే. అందులోంచి కోర్టుకి పనికొచ్చేవి ఏరి తక్కినవి ఇంటికి పంపించేయడమే వకీలు పని. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 6 రూల్ 2 చెప్పేదీ ఇదే: ప్లీడింగులో దావాకి ఆధారమైన సంగతులు రాయాలి, వాటిని రుజువు చేసే సాక్ష్యం రాయనక్కర్లేదు, అదీ క్లుప్తంగా రాయాలి. ఆర్డర్ 8 ప్రతివాది వైపు నుంచి అదే బిగింపు. ‘పేరా 3లోని సంగతులన్నీ అబద్ధం, వాది రుజువు చేసుకోవాలి’ అని గుండుగుత్తగా కొట్టిపారేస్తే కుదరదు. ఫలానా మొత్తం పుచ్చుకున్నావని వాది రాస్తే, ఆ మొత్తం గానీ అందులో ఏ కొంచెం గానీ పుచ్చుకోలేదని రాయాలి, లేదా పుచ్చుకున్నదెంతో చెప్పాలి. విడిగా కాదనని సంగతిని ఒప్పుకున్నట్టే తీసుకోవచ్చు. ఎవరు ఏది ఒప్పుకున్నారో, ఏది కాదన్నారో తేలితేనే జడ్జి ఇష్యూలు, అంటే తేల్చాల్సిన ప్రశ్నలు రాయగలరు. ఇష్యూలు వంకరపోతే అక్కణ్ణించి అప్పీలు దాకా కేసు వంకరగానే నడుస్తుంది.

రాయకుండా వదిలేసిన ఒక్క సంగతి ఎంత దూరం తీసుకెళ్తుందో వరంగల్ స్థలాల కేసు చెబుతుంది. ఇద్దరు 1968లో ఒకామె దగ్గర రిజిస్టర్డు దస్తావేజులతో స్థలాలు కొన్నారు. ఆమెకవి ఎలా వచ్చాయంటే, 1961లో అన్నదమ్ముడు పసుపు కుంకుమ కింద నోటిమాటగా ఇచ్చాడన్నారు. ఆ అన్నదమ్ముడి దగ్గరే ఇంకొకాయన 1977లో అవే స్థలాలు కొనుక్కున్నాడు. మొదట కొన్నవాళ్లు ఇంజంక్షన్ కోసం దావా వేశారు. పసుపు కుంకుమ మాట ప్లెయింటులో లేదు, టైటిల్ మీద ఇష్యూ కూడా లేదు. హైకోర్టు రెండో అప్పీలులో టైటిల్ జోలికి వెళ్లి వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. 2008 మార్చిలో సుప్రీంకోర్టులో జస్టిస్ ఆర్.వి. రవీంద్రన్ ఆ తీర్పుని పక్కనపెట్టారు. టైటిల్ మీద నీడ పడినప్పుడు వట్టి ఇంజంక్షన్ దావా చాలదు, హక్కు ప్రకటించమని అడగాలి, ప్లీడింగులో లేని దాని మీద ఎంత సాక్ష్యం వచ్చినా చూడకూడదు అన్నారు. ఈ రోజున తెలుగు జిల్లాల్లో ఇంజంక్షన్ దావా వాదించే ప్రతి వకీలు సంచిలోనూ ఆ తీర్పు నకలుంటుంది. ప్లెయింటు రాసేటప్పుడు దాన్ని తీసి చదివేవాళ్లు మాత్రం తక్కువ.

ఎదుటి పక్షం హాజరు కాకముందే మధ్యంతర ఇంజంక్షన్ అడిగే రోజున జడ్జి మరో రకంగా వకీలు మీద ఆధారపడతారు. గదిలో రెండో గొంతు లేదు. పాత దావా ఏదైనా ఓడిపోయి ఉంటే, పహాణీలోనో అడంగల్‌లోనో రెండేళ్లుగా అవతలివాడి పేరుంటే ఆ పూట చెప్పాల్సింది ఈ వకీలే. మద్రాసు నుంచి వచ్చిన ఒక కేసులో ఒక గుమస్తా యజమాని తరఫున కోర్టు వేలంలో ఆస్తి పాడుకున్నాడు. 1945లో ఆ హక్కుని యజమానికే రిజిస్టర్డు పత్రంతో వదిలేశాడు. తర్వాత ఆ పత్రం ఊసెత్తకుండా పంపకం దావా వేసి ప్రిలిమినరీ డిక్రీ తెచ్చుకున్నాడు. నిజమైన కేసుతోనే కోర్టుకి రావాలన్న బాధ్యత వాదికి చట్టరీత్యా లేదన్నట్టు హైకోర్టు అంది. 1993లో సుప్రీంకోర్టు ఆ మాటకి ఆశ్చర్యపోయింది. పత్రం దాచడం కోర్టుని మోసగించడమేనని తేల్చి డిక్రీ చెల్లదంది. వకీలు దాచిన కాయితం ఇవాళ కాకపోతే రేపు అవతలివాళ్ల చేతుల్లోంచి బయటికొస్తుంది. ఆ తర్వాత ఆయన ‘నా మనవి’ అంటూ లేచినప్పుడల్లా జడ్జి ఆ కాయితాన్ని తలచుకుంటారు.

ఇక ఎదుటి వకీలు సాక్షిని ప్రశ్నించే క్రాస్. సివిల్ ప్రొసీజర్ కోడ్‌కి 2002లో వచ్చిన సవరణల తర్వాత చీఫ్, అంటే సాక్షి తన పక్షాన చెప్పే మొదటి వాంగ్మూలం, అఫిడవిట్‌గా వస్తోంది. చాలావరకు అది ప్లెయింటు నకలే, ‘నేను’ అన్న మాట ఒకటి తేడా. సాక్షి నోటి నుంచి సొంతమాట వచ్చేది క్రాస్‌లోనే. మన కోర్టుల్లో ఇక్కడో చిత్రముంది. సాక్షి తెలుగులో చెబుతాడు, జడ్జి ఇంగ్లీషులో చెప్పి రాయిస్తారు. ‘ఆ పొలం మా బావ చేసుకుంటున్నాడు’ అంటాడు సాక్షి. కౌలుకు చేస్తున్నాడా, పంపకంలో వచ్చి చేస్తున్నాడా, ఊరికే సాయం చేస్తున్నాడా? తెలుగులో అన్నిటికీ ఆ ఒక్క మాటే. ఇంగ్లీషులో ‘స్వాధీనంలో ఉన్నాడు’ అని పడిందా, కేసు బావగారి వైపు ఒరిగిపోతుంది. ‘మావాడు’ అంటే కొడుకో, మేనల్లుడో, కులపువాడో. మంచి వకీలు అక్కడ ఆగుతాడు. ‘చేసుకుంటున్నాడన్నావు, నీకు కౌలు కొలుస్తున్నాడా నాయనా?’ అని ఇంకో ప్రశ్న వేస్తాడు. జడ్జి రాయించింది సరిగ్గా లేకపోతే అప్పుడే, మర్యాదగా, సాక్షి ఇంకా బోనులో ఉండగానే సరిచేయమంటాడు. అప్పీలులో కూర్చునే జడ్జి ఆ సాక్షి ముఖం చూడరు, గొంతు వినరు. ఆయన ముందుండేది టైపు చేసిన కాయితమే.

మీ కేసేమిటో సాక్షి ముఖం మీదే చెప్పి జవాబు రాబట్టాలన్నది 1893లో ఇంగ్లండు ప్రభువుల సభ చెప్పిన నియమం. మనవాళ్లు దాన్ని భక్తిగా పాటిస్తారు, కాస్త ఎక్కువగానే. వాంగ్మూలం చివరి రెండు పేజీలూ ‘నేను డబ్బు ఇవ్వలేదనడం నిజం కాదు, నోటు ఫోర్జరీ అనడం నిజం కాదు, నేను అబద్ధం చెబుతున్నాననడం నిజం కాదు’ అని సాగిపోతాయి. వకీలు సూచించినంత మాత్రాన అది సాక్ష్యం అయిపోదు. డబ్బు ఎక్కడ లెక్కపెట్టారు, ఆ రోజు నోటు రాసినాయన ఊళ్లో ఉన్నాడా, వెనకాల చెల్లు రాసిన తేదీ మూడేళ్ల గడువు లోపలిదేనా అన్న మూడు ప్రశ్నలు ఆ రెండు పేజీల పెట్టు.

వాయిదాల గురించి అందరూ రాస్తారు కనక నేను ఎక్కువ చెప్పను. ఒక పక్షానికి మూడుకి మించి ఇవ్వొద్దని ఆర్డర్ 17లో ఉంది, ఎలా అమలవుతోందో కాజ్‌లిస్టు చూసినవాళ్లకి తెలుసు. కూలి పోగొట్టుకుని బస్సెక్కి వచ్చిన సాక్షిని సాయంత్రం దాకా కూర్చోబెట్టి ‘సీనియర్ గారు హైకోర్టులో ఉన్నారండీ’ అన్నప్పుడు జడ్జి ముఖం మాడిపోతుంది.

వాదనల్లో జడ్జి కోరేది ఇంకా చిన్నది. ఏ ఇష్యూ మీద ఏ ఎగ్జిబిట్, ఏ సాక్షి ఏ పేజీలో ఏమన్నాడు. తనకి ఎదురొచ్చే తీర్పు ఉంటే తానే ముందు చూపించి, ఈ కేసు దానికి ఎలా వేరో చెప్పడం. పదిహేను తీర్పులు దొంతరగా పెట్టినాయన కంటే రెండు పెట్టి అందులో పేరా నంబరు చెప్పినాయన మాటే, రాత్రి ఇంట్లో తీర్పు రాసుకునేటప్పుడు ఆ జడ్జికి చేతికందుతుంది.

చివరికి ప్లెయింటు కింద షెడ్యూలు. ఆర్డర్ 7 రూల్ 3 ప్రకారం భూమిని గుర్తుపట్టేలా హద్దులో సర్వే నంబరో రాయాలి. చాలామంది గుమస్తాలు పాత క్రయదస్తావేజులోంచి ఎత్తిరాస్తారు. తూర్పు ఫలానా వారి చేను, పడమర ఫలానా వారి దొడ్డి. ఆ ఫలానా వారు పోయి నలభై ఏళ్లవుతుంది, దొడ్డిలో ఇప్పుడు మూడంతస్తుల ఇల్లుంటుంది. స్వాధీనం దావాల్లో మూడోవాళ్ల హక్కులేమైనా ఉన్నాయా అని పక్షాలని ముందే అడిగి తేల్చుకోవాలని, అవసరమైతే ఆస్తి వివరం సరిగ్గా తేలడానికి కమిషనర్ని పంపాలని, అమలు పిటిషన్ వేసిన ఆరు నెలల్లో ముగించాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది ఈ బాధలు చూసే. వాది దావా గెలిచాక, అప్పీలూ గెలిచాక, డిక్రీ పట్టుకుని కోర్టు అమీనా భూమి ఉన్న ఊరికి వెళ్తాడు. వీధి మొగలో నిలబడి హద్దులు పైకి చదువుతాడు. చుట్టూ చేరినవాళ్లలో ఒక ముసలాయన అడుగుతాడు: ‘నువ్వు చదివే చేను ఏదయ్యా, బాబూ?’