వెనక్కి తిప్పగలిగినవాడు

క్రిస్మస్ సెలవులొస్తే ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠకు జనం బారులు కడతారు. ఎత్తు సుమారు 12,500 అడుగులు, నడక సాంక్రీ ఊరి నుంచి. పడమటి కనుమల కింద పెరిగిన మా సత్రపట్టి, రాజపాళయం వాళ్లకు కొండ కొత్త కాదు, మంచే కొత్త. ఆ మంచులో నడిపించే గైడు పనితనం చూసి తీరాలి.

అతను కావాలనే మెల్లగా నడుస్తాడు. గట్టిపడ్డ మంచును బూటు మొనతో తన్ని మెట్టు చేస్తే వెనకవాళ్లు అందులోనే అడుగేస్తారు. ఆగిన ప్రతిచోటా తిండి సయించిందా, తలనొప్పి ఉందా, నిద్ర పట్టిందా అని ఆరా తీస్తాడు. వేలికి పల్స్ ఆక్సీమీటరు తగిలిస్తాడు గానీ, ఆ అంకెతో సరిపెట్టుకోడు. మనిషి తూలుతున్నాడేమో చూస్తాడు. ఎత్తు పడక తూలేవాడికి అసలు మందు కిందికి దించడమే. శిఖరం కళ్లెదుటే ఉన్నా, డబ్బు కట్టినవాళ్లు ఎంత బతిమాలినా వెనక్కి తిప్పగలగడం, నా దృష్టిలో, ఈ వృత్తికి గీటురాయి.

మడమ మీద బొబ్బ చితికితే అతని సంచిలోంచి గాజుగుడ్డ బయటికొస్తుంది. మా సత్రపట్టి మగ్గాల మీద నేసే సరుకూ అదే కాబట్టి ఆ పలచని నేత విలువ మాకు తెలుసు. చేతి తొడుగులు తీసేసి, కొంకర్లు పోయే వేళ్లతోనే పుండు తుడిచి, గుడ్డ మడిచి పెట్టి, ముడత పడకుండా టేపు అంటిస్తాడు. ముడత ఉంటే బూటులో మళ్లీ ఒరుసుకుంటుంది. ఇలాంటివాడి కూలి దగ్గర బేరమాడటం నాకు బొత్తిగా నచ్చదు.