కోడ్, మార్కప్ కలపవచ్చా? – ఒక విమర్శనాత్మక పరిశీలన

వెబ్ పేజీలో ఏది శీర్షిక, ఏది పట్టిక అని తెలిపేది మార్కప్. పేజీ చేయవలసిన పనిని తెలిపేది కోడ్. ఈ రెండింటినీ ఒకే ఫైలులో కలపరాదనే మాటను మీరు తరచూ వింటారు. అది ఎంతవరకు సబబో ఇక్కడ పరిశీలిద్దాం.

పీహెచ్‌పీ విస్తరించిందే ఈ కలగలుపు వల్ల. హెచ్‌టీఎంఎల్ మధ్యలో నాలుగు పంక్తుల కోడ్ రాస్తే పేజీ సిద్ధం. చిన్న పనికి ఇది చాలు. చిక్కు పేజీలు పెరిగాక మొదలవుతుంది. పరీక్షా ఫలితాల పేజీని ఊహించండి: పైన డేటాబేస్ ప్రశ్న, కింద పట్టిక, పట్టిక వరుసల మధ్యనే ఉత్తీర్ణత లెక్క. అదే లెక్క మార్కుల జాబితా పేజీలోనూ ఉంది. ఉత్తీర్ణత మార్కులు మారినప్పుడు ఒక పేజీని సరిచేసి రెండోది మరిచితే, ఒకే విద్యార్థి ఒకచోట పాస్, మరోచోట ఫెయిల్!

దీనికి విరుగుడుగా స్మార్టీ వంటి టెంప్లేట్ భాషలు వచ్చాయి. అయితే వాటిలోనూ షరతులు, లూపులు చేరాయి. వద్దన్న కోడే వేరే పేరుతో తిరిగి వచ్చిందన్నమాట.

2013లో ఫేస్‌బుక్ విడుదల చేసిన రియాక్ట్ ఈ సూత్రాన్నే ప్రశ్నించింది. అందులోని జేఎస్‌ఎక్స్‌లో జావాస్క్రిప్ట్ లోపలే మార్కప్ రాస్తారు. బటన్ ఒక ఫైలులో, దాన్ని నొక్కితే జరిగే పని మరో ఫైలులో ఉన్నంత మాత్రాన అవి వేరవుతాయా? ఒకదానిలో ఐడీ మారిస్తే రెండోది పనిచేయదు. విడిపోయినవి ఫైళ్లే, విషయం కాదు. ఈ వాదనలో బలముంది.

కానీ ఇది పైన చెప్పిన ఫలితాల పేజీని సమర్థించదు. అక్కడ మార్కప్‌తో కలిసింది ప్రదర్శనకు చెందిన కోడ్ కాదు. ఉత్తీర్ణత నియమం, డేటాబేస్ ప్రశ్న. వరుసలను పట్టికగా చూపే లూపు మార్కప్ పక్కన ఉండవచ్చు. ఎవరు పాసయ్యారో తేల్చే నియమం ఉండకూడదు. జేఎస్‌ఎక్స్‌లో రాసినా ఆ తప్పు తప్పే.

భద్రత విషయంలో మాత్రం రెండింటికీ పెద్ద తేడా ఉంది. వాడుకరి పేరుకు బదులు స్క్రిప్ట్ ట్యాగ్ టైపు చేశాడనుకోండి. మామూలు పీహెచ్‌పీ పేజీలో ప్రతిచోటా హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్ ఫంక్షన్‌ను గుర్తుపెట్టుకుని వాడాలి. ఒక్కచోట మరిచినా ఆ స్క్రిప్ట్ నడుస్తుంది. జేఎస్‌ఎక్స్ అలాంటి విలువను మామూలు అక్షరాలుగానే చూపుతుంది. హెచ్‌టీఎంఎల్‌గానే చొప్పించాలంటే వాడే ప్రాపర్టీ పేరు ‘డేంజరస్లీ’ అని మొదలవుతుంది. రాసేవారిని ఒక్క క్షణం ఆపడానికే ఆ పేరు!

మీ ప్రాక్టికల్ రికార్డులోని ఏదైనా పీహెచ్‌పీ పేజీ తీసుకోండి. అందులో ప్రదర్శన కోసం రాసిన పంక్తుల కింద ఒక గీత, నియమాలను అమలుచేసే పంక్తుల కింద రెండు గీతలు గీయండి. రెండు గీతలున్నవాటిని వేరే ఫైలులోకి మార్చి, పేజీని మళ్లీ నడిపి చూడండి.