గొళ్లెం తీసేది ఆయిలే

బెజవాడ ఆటోనగర్‌లో మా నాన్న అంబాసిడర్ చూసే మేస్త్రి ఒకాయన ఉండేవాడు. ఇంజన్ నడుస్తుండగానే డిస్ట్రిబ్యూటర్ పట్టుకుని అటో ఇటో వెంట్రుకవాసి తిప్పి, తల పక్కకి వాల్చి వినేవాడు. శబ్దం నచ్చాక నట్టు బిగించేవాడు. ఆయన దగ్గర మీటరేమీ ఉండేది కాదు, చెవే మీటరు. ఘాట్ రోడ్డు మీద బండి లాగడం లేదని నాన్న గొణిగితే ఒకటే మాట అనేవాడు: "నిప్పు టైమింగ్ అయితే తిప్పగలను సార్. క్యామ్‌ని నేనేం చేసేది? దాని రాత ఫ్యాక్టరీలోనే రాసేశారు."

ఆ రాతని నడుస్తున్న ఇంజన్లోనే చెరిపి మళ్లీ రాసే యంత్రాన్ని తయారుచేసే ఊళ్ల మధ్య ఇప్పుడు నా కాపురం. ఊరు మిషిగన్ రాష్ట్రంలోని ట్రాయ్. 1999లో జనరల్ మోటార్స్ నుంచి విడిపోయిన డెల్ఫీకి ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉండేది. షాఫ్లర్ సాంకేతిక కేంద్రం ఇక్కడుంది. బోర్గ్‌వార్నర్ పక్క ఊరు ఆబర్న్ హిల్స్‌లో. ఆ యంత్రం పేరు క్యామ్ ఫేజర్, ముగ్గురికీ దాంతో పనే. ఆడమ్స్ రోడ్డులోని భారతీయ టెంపుల్‌లో ప్రసాదం వరసలో నిలబడితే, ముందున్నాయన వాల్వుల మీదా వెనకున్నాయన ఆయిల్ పంపుల మీదా బతుకుతున్నవాళ్లయినా ఆశ్చర్యం లేదు.

అసలు వాల్వుల్ని తెరిచే క్యామ్ టైమింగ్‌తో వచ్చిన చిక్కేమిటి? ఒకే రోట్లో ఇద్దరు దంచడం చూసినవాళ్లకి ఇది చటుక్కున తెలుస్తుంది. ఒకరి రోకలి పూర్తిగా లేవకముందే రెండోది దిగడం మొదలవుతుంది. నింపాదిగా దంచేటప్పుడు కుదిరిన ఎడం, జోరందుకున్నాక కుదరదు. వాళ్లు మాట్లాడుకోకుండానే సవరించుకుంటారు. ఇంజన్లో ఆ ఇద్దరూ ఇన్‌లెట్ వాల్వు, ఎగ్జాస్ట్ వాల్వు. నిమిషానికి 800 చుట్ల ఐడిలింగ్‌లో పిస్టన్ ఒకసారి పైనుంచి కిందికి రావడానికి 37.5 మిల్లీసెకన్లు పడుతుంది. 6000 దగ్గర 5 మిల్లీసెకన్లే. అంత తక్కువ వ్యవధిలో సిలిండర్ నిండాలంటే, పిస్టన్ తిరిగి పైకి వస్తున్నా ఇన్‌లెట్ వాల్వు కాసేపు తెరిచే ఉండాలి. వేగంగా వస్తున్న గాలి ఆ ఊపు మీదే ఇంకాస్త లోపలికి దూరుతుంది. అదే పని నెమ్మదిగా తిరిగే ఇంజన్లో చేస్తే లోపలికి వచ్చిన గాలిని పిస్టన్ మళ్లీ బయటికి నెట్టేస్తుంది. రెండు వాల్వులూ కలిసి ఎక్కువసేపు తెరుచుకుని ఉంటే పొగ వెనక్కి మళ్లి, ఐడిలింగ్‌లో ఇంజన్ ఎగిరెగిరి పడుతుంది. అందుకే పాత ఇంజన్లు కట్టినవాళ్లు మధ్యలో ఎక్కడో ఒకచోట రాజీపడ్డారు. మేస్త్రి చెప్పిన రాత ఆ రాజీయే.

ఫేజర్ చేసేది చూడటానికి చాలా మామూలు పని. పిస్టన్లు తిప్పే క్రాంక్ నుంచి వచ్చే గొలుసు పాతకాలంలో నేరుగా క్యామ్‌షాఫ్ట్‌ని తిప్పేది. ఇప్పుడది ఒక డబ్బాని తిప్పుతుంది. డబ్బా లోపల, క్యామ్‌కి బిగించిన రెక్కల చక్రం ఉంటుంది. ప్రతి రెక్కకీ రెండు పక్కలా చిన్న గది. ఒక గదిలోకి ఇంజన్ ఆయిల్ పంపి రెండో గదిలోది వదిలేస్తే రెక్క జరుగుతుంది, దాంతోపాటు క్యామ్ ముందుకో వెనక్కో మెలి తిరుగుతుంది. ఆయిల్ ఎటు వెళ్లాలో చెప్పేది ఓ సోలినాయిడ్ వాల్వు. దానికి కంప్యూటర్ సెకనుకి ఎన్నోసార్లు కరెంటు ఇస్తూ ఆపుతూ ఉంటుంది. క్యామ్ ఎక్కడుందో ఒక సెన్సరు, క్రాంక్ ఎక్కడుందో ఇంకొకటి చెబుతూనే ఉంటాయి. తేడా వస్తే కంప్యూటర్ సవరిస్తుంది. కావలసిన కోణం చేరాక రెండు దారులూ మూసేస్తుంది. బిగించిన ఆయిల్ మధ్య రెక్క కదలకుండా నిలబడుతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఇందులోని గొళ్లెం. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు ఆయిల్ ఒత్తిడి ఉండదు కదా. రెక్కల్ని అలా వదిలేస్తే స్టార్ట్ చేయగానే డబ్బా గోడలకి టకటకా కొట్టుకుంటాయి. అందుకని స్ప్రింగు పెట్టిన చిన్న పిన్ను ఒకటి చక్రాన్ని డబ్బాకి కలిపి బిగించి ఉంచుతుంది. ఒత్తిడి పుంజుకుని ఆయిల్ తన దగ్గరికి వచ్చాకే పిన్ను వెనక్కి జరుగుతుంది. ఫేజర్ ఎంగేజ్ అయ్యేది అప్పుడు! ఇంజన్ ఆపితే క్యామ్ మళ్లీ తన గూటికి చేరాలి. ఇన్‌లెట్ క్యామ్‌ని వాల్వుల రాపిడి ఈడ్పే వెనక్కి లాగుతుంది. ఎగ్జాస్ట్ క్యామ్ చేరాల్సిన గూడు ముందువైపున ఉంటుంది కాబట్టి, ఆ ఈడ్పుకి ఎదురు లాగడానికి చాలా ఇంజన్లలో విడిగా ఓ చుట్టల స్ప్రింగు పెడతారు. ఇది ఆలోచించినవాడికి దండం పెట్టాలి.

మన కుర్రాళ్లు వీటెక్ 'తన్నింది' అనేది ఫేజర్‌ని కాదు. 1989లో హోండా ఇంటిగ్రాలో వచ్చిన వీటెక్‌లో క్యామ్ మెలి తిరగదు. క్యామ్ మీద పక్కపక్కన మూడు ఉబ్బులు, వాల్వుల్ని నొక్కే మూడు రాకర్లు ఉంటాయి. ఒక వేగం దాటాక ఆయిల్ ఒత్తిడి ఒక పిన్నుని నెట్టి మూడు రాకర్లనీ కట్టేస్తుంది. ఇక అన్నీ మధ్యలోని పెద్ద ఉబ్బు చెప్పినట్టే ఆడతాయి. 1.6 లీటర్ల ఇంజన్ 160 గుర్రాలు ఇచ్చింది. అక్కడ మార్పు చెవికి తెలుస్తుంది, ఫేజర్లో తెలియదు. తెలియకపోవడమే దాని గొప్ప అని నా తీర్పు. కుర్రాళ్లు ఒప్పుకోరు.

క్యామ్‌ని మెలితిప్పే పద్ధతి మొదట అమ్మకానికి వచ్చింది 1980లో, ఇటలీ కంపెనీ ఆల్ఫా రోమియో స్పైడర్‌తో. డెట్రాయిట్ ఆలస్యంగా మేల్కొన్నా ఒక తెలివైన పని చేసింది. 2002 ట్రెయిల్‌బ్లేజర్‌లోని 4.2 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్లో జనరల్ మోటార్స్ ఎగ్జాస్ట్ క్యామ్‌ని మాత్రమే జరిపింది. కాలిన వాయువు కొంత సిలిండర్లోనే మిగిలి, మంట చల్లబడి, నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గాయి. పొగని తిప్పి పంపే వాల్వుని పూర్తిగా తీసేశారు.

ఇంత చదువూ ఉండి నేను చేసిన పని చెప్తాను. మూడేళ్ల కిందట ఆయిల్ మార్పిడి వాయిదా వేస్తూ పోయాను. ఓ జనవరి పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజన్ ముందు భాగంలో రెండు సెకన్లు గరగరమంది. వారానికి ఇంజన్ లైటు వెలిగింది. కోడు పి0011: ఇన్‌లెట్ క్యామ్ చెప్పినదానికన్నా ముందుకి వెళ్లింది. ఓ షాపులో ఫేజర్లు, గొలుసు అన్నీ మార్చాలన్నారు, లెక్క వేలల్లో ఉంది. ఇంటికి తెచ్చి సోలినాయిడ్ విప్పితే దాని జల్లెడకి నల్లటి జిగురు పట్టేసి ఉంది. శుభ్రం చేసి, పుస్తకంలో రాసిన గ్రేడు ఆయిల్ పోసి, ఫిల్టరు మార్చాను. లైటు ఆరిపోయింది. గరగర మాత్రం చలి పొద్దుల్లో ఇప్పటికీ అప్పుడప్పుడు వినిపిస్తుంది. గొళ్లెం గూడు అరిగింది, దాన్ని ఏ ఆయిలూ పూడ్చలేదు.

2006 లెక్సస్ ఎల్ఎస్ 460 నుంచి ఇన్‌లెట్ క్యామ్‌ని ఎలక్ట్రిక్ మోటారుతో తిప్పే పద్ధతీ ఉంది. దానికి ఆయిల్ ఒత్తిడి కోసం ఎదురుచూపు లేదు. మీ బండిలో బహుశా ఆయిల్‌ది ఉంటుంది. పైసలు మిగులుతాయని చౌక ఆయిలో, చిక్కటి గ్రేడో పోయించకండి. ఈ వారం బానెట్ ఎత్తి డిప్‌స్టిక్ ఒకసారి లాగి చూడండి.