సాక్ష్యం పుస్తకాల్లో పల్లె ఎక్కడ?

మన దళిత సాహిత్య విమర్శకి ఒక అలవాటుంది. పల్లె గురించి గంటలకొద్దీ మాట్లాడతాం గాని, పల్లెలో జనం ఏం చదువుతున్నారో మాత్రం చూడం. ఈ మధ్య కొన్ని నెలలపాటు నేను ఆ పని పెట్టుకున్నాను. ఏలూరు, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల, ఇటు కొల్లేటి లంకల్లో చుట్టాల ఇళ్ళల్లోనూ, కన్వెన్షన్ల దగ్గర పుస్తకాల బల్లల మీదా దొరికిన క్రైస్తవ కథలు, సాక్ష్యాలు, జీవిత చరిత్రలు తెచ్చుకుని చదివాను. చాలావరకు ఏలూరు నుంచి గూడెం పోయే రైల్లోనే చదివాను. దెందులూరు దాటాక మొదలుపెడితే పూళ్ళ వచ్చేసరికి ఒక పుస్తకం అయిపోయేది, అంత చిన్నవి.

ముందే ఒక మాట. వీటిని నవ్వి పారేయడం తేలిక. నేనూ మొదట అదే ఉద్దేశంతో తీశాను. కానీ ఆలోచించండి, మన పత్రికలు పల్లెలో ఎన్ని ఇళ్ళకి పోతున్నాయి? ఈ పుస్తకాలు పోతున్నాయి. పాటల పుస్తకం, బైబిలు పట్టుకుని కూడబలుక్కుంటూ అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు మన పల్లెల్లో వేలమంది ఉన్నారు. వాళ్ళు డబ్బు పెట్టి కొనుక్కుని చదివే కథంటూ ఉంటే అది ఇదే. కూలికెళ్ళొచ్చి, వంట చేసి, పిల్లలు పడుకున్నాక బల్బు కింద కూర్చుని చదువుతారు. చదివి పక్కింటికిస్తారు. అట్టలు ఊడి, నూనె మరకలు పడి నా చేతికొచ్చిన పుస్తకాలవి. ఏ అభ్యుదయ నవలకి దక్కింది ఆ గౌరవం?

ఇక పుస్తకాల సంగతి. నూటికి తొంభై ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ముందొక చీకటి, తర్వాతొక వెలుగు. మొగుడు తాగుతాడు, కొడతాడు, అప్పులు చేస్తాడు. భార్య గది తలుపేసుకుని ఉపవాస ప్రార్థన చేస్తుంది. ఒక రాత్రి అతను మారిపోతాడు. ఆఖరి పేజీలో పక్కా ఇల్లు, పిల్లల చదువు. ఈ తాగుబోతు మొగుణ్ణి కల్పన అనడానికి వీల్లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా మీద లేచింది అతన్ని చూసే. 1993లో సారా నిషేధం వచ్చిందీ అందుకే. అక్కడ ఆడవాళ్ళు పదిమంది కలిసి దుకాణం ముందు నిలబడ్డారు, ఇక్కడ ఒక్కతీ గదిలో మోకాళ్ళ మీద ఉంది. ఆమె ప్రార్థనని నేను తప్పు పట్టను. నా ఫిర్యాదు రచయిత మీద. సారా పాట పాడిందెవరు, కూలి డబ్బులు పొలం గట్టు మీద నుంచి తిన్నగా ఆ దుకాణానికే ఎందుకు పోయాయి అని అతను ఒక్క వాక్యం కూడా రాయడు. పాపం ఎప్పుడూ మొగుడి గుండెలోనే ఉంటుంది. ఆసామి గుండెలోకి రచయిత తొంగి చూడడు.

అన్నిటికంటే నన్ను ఆపింది ఇంకోటి. ఈ కథల్లో ఊరుంటుంది, పల్లె ఉండదు. 'ఒక గ్రామములో ఒక కుటుంబము' అని మొదలవుతాయి. ఏ గ్రామం? ఏ కుటుంబం? మాలపల్లా, మాదిగపల్లా? మాల చర్చి, మాదిగ చర్చి అని మన పల్లెల్లోనే రెండు గంటలు వేరువేరుగా మోగుతుంటాయి గదా, ఆ సంగతి ఒక్క పుస్తకంలోనూ లేదు. కులం పేరు ఎక్కడన్నా వచ్చిందంటే అది పైకులమే. 'మంచి కుటుంబం నుంచి ప్రభువులోకి వచ్చిన' అని రాస్తారు. మిగతావాళ్ళవి చెడ్డ కుటుంబాలా? జీవిత చరిత్రలూ అంతే. పండిత రమాబాయి గురించి ఉంది, ఆమె బ్రాహ్మణ స్త్రీ. సాధు సుందర్ సింగ్ గురించి ఉంది, ఆయన సిక్కు ఇంటి బిడ్డ. ఇద్దరూ గొప్పవాళ్ళే, కాదనను. కానీ ఈ ప్రాంతం సంగతి చూడండి. బౌడెన్, బీర్ అనే ఇద్దరు 1830ల్లో నరసాపురం వచ్చారు. వాళ్ళ కథ చెబుతారు. 1859లో డార్లింగ్ దొర దగ్గర బాప్తిస్మం తీసుకున్న రాఘవాపురం పగోలు వెంకయ్య మాలవాడు. దొర వచ్చి వెతికితే దొరికిన మనిషి కాదు, విగ్రహాల మీద నమ్మకం పోయి తనంతట తాను దేవుణ్ణి వెతుక్కుంటూ పోయినవాడు. ఆయన వెనక ఆయనవాళ్ళు కదిలారు. ఏలూరు ప్రాంతపు చర్చి చరిత్రకి మొదటి పేజీ లాంటి మనిషి. ఆయన మీద నవల ఏది? నేను తిరిగిన ఏ బల్ల మీదా ఆయన పేరు కనపడలేదు.

ఇంతవరకూ వచ్చాక, చర్చిలో కూడా బ్రాహ్మణీయ భావజాలం పేరుకుపోయింది అని తీర్పు చెప్పి కాయితం మడిచేయొచ్చు. మనం సాధారణంగా చేసేది అదే. నాకు అది సగం నిజమే అనిపించింది. మిగతా సగం వేరే చోట ఉంది.

సాక్ష్యం అనే మాటకి చర్చిలో ఒక అర్థం, కోర్టులో ఇంకో అర్థం. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు హిందువులకే ఎస్సీ హోదా అంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుణ్ణి మాత్రం బయటే ఉంచారు. మన రాష్ట్రంలో అతనికి బీసీ-సి అని ఒక గది కట్టారు, అందులో ఒక్క శాతం రిజర్వేషన్. అందుకని మన ఇళ్ళల్లో ఒక్కో మనిషికి రెండు పేర్లు. చర్చి రిజిస్టర్లో ఒకటి, బడి రికార్డులో ఇంకోటి. బళ్ళో హాజరు పిలిచినప్పుడు తన పేరుకి తాను ఒక క్షణం ఆలస్యంగా పలికే పిల్లల్ని నేను చూశాను. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక కేసులో చెప్పిందేంటి? ఫిర్యాదుదారు పదేళ్ళుగా పాస్టరుగా ఉన్నాడు కాబట్టి, కుల ధ్రువీకరణ పత్రం చేతిలో ఉన్నా, అట్రాసిటీస్ చట్టం అతనికి వర్తించదంది. తిట్టినవాళ్ళకి అతని కులం తెలుసు, చట్టానికి మాత్రం తెలియకుండా పోయింది. చర్చిలో అతను ఇచ్చిన సాక్ష్యమే కోర్టులో అతని మీద సాక్ష్యమైంది.

ఇప్పుడు మళ్ళీ ఆ చిన్న పుస్తకం తెరవండి. 'ఒక గ్రామములో ఒక కుటుంబము.' ఫలానా ఊరు, ఫలానా పల్లె, ఫలానా మాల ఇంటి మనిషిని, ఫలానా రోజున బాప్తిస్మం పొందాను అని అచ్చులో పెడితే ఏమవుతుంది? బిడ్డ సర్టిఫికెట్ తహసీల్దారు బల్ల మీద నిలబడుతుందా? ఆ ఊరికి పేరు లేకపోవడానికి పైకులపు మోజు ఒక కారణమైతే, ఈ భయం ఇంకో కారణం. భయపడ్డవాణ్ణి నేను నిందించను. నిజంగా జరిగిన కథ అని ముద్ర వేసి అమ్మే పుస్తకాల్లో నిజమైన మనిషి లేకుండా పోయింది ఇందుకే. సరిగ్గా ఇక్కడే కల్పన అవసరం పడుతుంది. కథలో పాత్రకి కుల ధ్రువీకరణ పత్రం అక్కర్లేదు. ఆమె రెండు పేర్లూ బయటికి చెప్పుకోవచ్చు. 2022లో కేంద్రం ఈ హోదా సంగతి తేల్చమని జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది. కమిషన్లు వస్తాయి, పోతాయి, కథకుడు వాటి కోసం ఆగనక్కర్లేదు.

ఆగనివాళ్ళు ఉన్నారు. జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం' 2000లో వచ్చింది. ఈ పుస్తకాల తర్వాత దాన్ని మళ్ళీ చదివాను. రూతు జ్ఞాపకాల్లోంచి తరాల కథ నడుస్తుంది. కరువులో ఊరొదిలిన శివయ్య సీమోను అవుతాడు. మతం మార్పిడి అంటే దొరలు పంచిన పాలపొడి అని ఎగతాళి చేసేవాళ్ళ నోరు మూయించే పేజీలవి. ఆకలి ఉంది, అవమానం ఉంది, వాటితోపాటు పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడిన ఒక మనిషి ఉన్నాడు, మార్టిన్. ఆ మార్టిన్‌ని చంపేస్తారు. మన సాక్ష్యాల్లో ఎక్కడా కనపడని హంతకుడు ఇక్కడ కనపడతాడు. ఒక్క అసంతృప్తి మాత్రం ఉంది. నవల కిందికి పోయేకొద్దీ చర్చి దాటిపోవాల్సిన మెట్టుగానే మిగిలింది, దారి ఉద్యమంలోకి పోయింది. అది రచయిత రాజకీయం, ఆయన దాచుకోలేదు. కానీ అన్నీ గుర్తుపెట్టుకున్న రూతు సాయంత్రం పూట కళ్ళు మూసుకుని ఎవరితో ఏం మాట్లాడింది? ఆ లోపలి మాట నాకు ఇంకా కావాలనిపించింది. సాక్ష్యం పుస్తకానికి నమ్మకం తెలుసు, పల్లె తెలియదు. మన ఉద్యమ నవలకి పల్లె తెలుసు, నమ్మకం దగ్గరికొచ్చేసరికి కాస్త మొహమాటపడుతుంది.

ఎం.ఎం. వినోదిని 'తప్పిపోయిన కుమార్తె' కథకి ఆ మొహమాటం లేదు. లూకా సువార్త 15వ అధ్యాయంలోని ఉపమానాన్ని తీసుకుని కుమారుడి చోట కూతుర్ని పెట్టింది. సువార్తవాణి అనే పల్లె పిల్ల చదువుకోవడానికి వెళ్ళి, బ్రాహ్మణ స్నేహితురాలి ఇంటి మాట, తిండి, మర్యాద చూసి మోజుపడి, తన ఇంటిని చూసి సిగ్గుపడి, అక్కడ దెబ్బతిని ఇంటికి తిరిగొస్తుంది. తప్పిపోవడం అంటే తాగుడు, వ్యభిచారం అని వెయ్యిసార్లు విన్న చెవులకి, అగ్రహారం మోజులో తప్పిపోవడం కూడా ఉందని చెప్పిన కథ ఇది. నేను చదివినవాటిలో అసలైన క్రైస్తవ కథ ఇదే అంటాను, ఎవరేమనుకున్నా సరే. ఇక్కడ చిన్న పక్కమాట. ఆ ఉపమానంలో తండ్రి భూమి ఉన్న ఆసామి. చిన్నకొడుక్కి పందుల దగ్గర గుర్తొచ్చేది తన ఇంటి కూలివాళ్ళు, వాళ్ళకి తిండి మిగులుతుంది గదా అని. మన పల్లెలో ఇది విని కూలివాళ్ళు ఏమనుకుంటారో ఏ పాస్టరూ అడిగిన పాపాన పోలేదు. కొవ్విన దూడని కోయడం దగ్గర మాత్రం వాళ్ళకి వివరణ అక్కర్లేదు.

ఇంగ్లీషు పుస్తకాలు కూడా మన పిల్లల చేతుల్లోకి వస్తున్నాయి. కాలేజీ కుర్రాడొకడు విలియం పాల్ యంగ్ నవల 'ది షాక్' ఇచ్చాడు. 2007లో వచ్చి కోట్లలో అమ్ముడుపోయింది. కూతుర్ని ఎవడో ఎత్తుకుపోయి చంపితే, తండ్రి ఆ గుడిసెలోనే దేవుణ్ణి కలుస్తాడు. దేవుడు నల్లజాతి స్త్రీ రూపంలో వంటింట్లో ఉంటుంది. ఇది నాకు బాగా నచ్చింది. పరిశుద్ధాత్మ పేరు సరయు, ఇది చదివి మాత్రం నవ్వొచ్చింది. మన దేవుడికి ఆత్మ కావలసివచ్చినా అయోధ్య దగ్గరి నదే దొరికిందా? సరే. హంతకుణ్ణి క్షమించు అనేది పుస్తకపు గుండెకాయ. రచయిత అది నిజాయితీగా రాశాడు, తండ్రికి అది ఎంత కష్టమో దాచలేదు. అయితే చివర్లో పాప శవం దొరుకుతుంది, ఆధారాలు దొరుకుతాయి, హంతకుడు పట్టుబడతాడు. అంటే అక్కడ క్షమాపణ పక్కన చట్టం తన పని చేసింది. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఎవరూ చంపలేదన్నాక ఎవర్ని క్షమించాలి? మన పుస్తకాలు బాధితుడికి క్షమించమని చెబుతాయి గాని ఈ ప్రశ్న దగ్గరికి రావు. చర్చికి ఈ చరిత్ర తెలియదనలేం. 1985లో కారంచేడు నుంచి పారిపోయొచ్చినవాళ్ళు చీరాలలో తలదాచుకుంది చర్చి ఆవరణలోనే. ఆ ఆవరణ మీద ఎన్ని కథలు రావాలి!

కేరళలో పాల్ చిరక్కరోడ్ 1962లోనే 'పులయత్తర' నవల రాశాడు, చర్చిలో కూడా పులయవాడు పులయవాడే అని. తమిళంలో బామ 'కరుక్కు' 1992లో వచ్చింది. కాన్వెంటు గోడల లోపలి కులాన్ని కన్యస్త్రీగా బతికొచ్చిన మనిషే చెప్పింది. మనకి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు పొందిన జాషువా 'క్రీస్తు చరిత్ర' ఉంది, పద్యంలో. వచనంలో ఆ స్థాయి పని ఇంకా మిగిలే ఉంది.

ముఖ్యంగా కొల్లేటి కథ. అక్కినేని కుటుంబరావు 'కొల్లేటి జాడలు' 2014లో వచ్చింది, సరస్సు చచ్చిపోయిన దుఃఖం అందులో ఉంది. దళిత క్రైస్తవుడి కొల్లేరు వేరే రాయాలి. పేతురు వల, గలిలయ సముద్రం మీద లంకల్లో ఎంత బాగా వాక్యం చెబుతారో! ఆ గలిలయ సుమారు 166 చదరపు కిలోమీటర్లు. అయిదో కాంటూరు దాకా మన కొల్లేరు అభయారణ్యం 308. మార్కు సువార్త మొదటి అధ్యాయంలో జెబెదయి పడవలో కూలివాళ్ళు కూడా ఉన్నారు. కొడుకులు యేసు వెంట పోయారు, కూలివాళ్ళు పడవలోనే మిగిలారు. ఆ కూలివాళ్ళే మనవాళ్ళు. 1970ల్లో సొసైటీల పేరుతో మత్స్యకారులకీ దళితులకీ చెరువులిచ్చారు, అవి లీజుల మీద డబ్బున్నోళ్ళ చేతుల్లోకి పోయాయి, చెరువు కాగితం మీద పేరున్నవాడే దాని గట్టు మీద కావలి పడుకున్నాడు. 1999లో అభయారణ్యం, 2006లో గట్ల పేల్చివేత. పెద్దచేపలకి పరిహారం మాట వినిపించింది, కావలివాడి కూలి మాట ఎవరికీ గుర్తులేదు. రాత్రంతా వలవేసినా ఏమీ పడలేదన్న సువార్త కథ ఆ గట్టు మీద కూర్చుని రాస్తే ఎట్లా ఉంటుంది?

పుస్తకాలు తిరిగివ్వడానికి వెళ్ళినప్పుడు, నాకు అన్నిటికంటే ఎక్కువ పుస్తకాలిచ్చిన లంకలోని పెద్దమ్మకి వినోదిని కథ జెరాక్స్ తీసి ఇచ్చాను. అది చూసి, "దీనికి అట్టలేదేంటయ్యా, ఇది సాక్ష్యమా, కథా?" అంది. కథే పెద్దమ్మా అన్నాను. మళ్ళీ నెలకి వెళ్తే ఆ కాగితాలు ఆమె దగ్గర లేవు. వాళ్ళ చెల్లెలు పట్టుకుపోయిందట, అక్కణ్ణుంచి కోడలి పుట్టింటికి పోయాయట.