నీటి రాకెట్, ఇంటి పనిముట్లు

నమూనా రాకెట్ల విద్యలో నిప్పుకు వచ్చిన పేరు పనిముట్టుకు రాలేదు గాని, రాకెట్ నిటారుగా లేస్తుందా, పక్కకు తిరిగి పొలంలో కూలుతుందా అన్నది చాలావరకు దాన్ని కట్టిన చేతుల మీద, ఆ చేతులు ముందుగా సిద్ధం చేసుకున్న కొలత సాధనాల మీద ఆధారపడి ఉంటుంది. ఈ అభిరుచికి ఆద్యుడైన ఆర్విల్ కార్లైల్ అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో చెప్పుల దుకాణం నడిపినవాడు. 1954లో కాగితపు గొట్టంతో తొలి నమూనా తయారుచేశాడు. ఇంట్లో మందు కూరి గాయాలపాలవుతున్న కుర్రవాళ్ల గురించి జి. హ్యారీ స్టైన్ 1957లో రాసిన వ్యాసం చదివి, తన రాకెట్‌ను ఆయనకు పంపాడు. ఇంధనం ఇంట్లో కలపరాదు, తక్కినదంతా చేతితో కట్టవచ్చు అన్న నియమం మీదనే ఆ విద్య ఆ తరువాత విస్తరించింది.

నిజామాబాద్ జిల్లాలోని బోధన్ ప్రాంతంలో ఈ నియమానికి ప్రత్యేకమైన ప్రాముఖ్యం ఉంది. మంజీర నదిపై 1923–31 మధ్య కట్టిన నిజాంసాగర్ నీటితో ఇక్కడ చెరకు పెరిగింది. 1937లో స్థాపించిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ, 2015 డిసెంబరులో మూతపడేదాకా, ఇక్కడి శక్కర్‌నగర్‌కు జీవనాధారంగా నిలిచింది. విదేశాల్లో ఔత్సాహికులు చక్కెరను సైతం రాకెట్ ఇంధనంలో వాడారన్న సంగతి ఇటువంటి ఊరి పిల్లలను ఆకర్షించడం సహజమే. అయితే అది ప్రాణం మీదికి తెచ్చే పని, లైసెన్సు లేకుండా చేస్తే 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం ప్రకారం నేరం కూడా. పైగా నరికిన చెరకు మడిలో ఎండుటాకు పరచుకొని ఉండే రోజుల్లో ఒక్క నిప్పురవ్వ పడినా పక్క చేను మిగలదు. కాబట్టి ఈ నేలకు తగినది నీటి రాకెట్.

దాని సూత్రం సులువైనది. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలో మూడో వంతు నీరు పోసి, సైకిల్ ట్యూబు వాల్వు బిగించిన రబ్బరు బిరడాతో మూతి మూసి, తలకిందులుగా నిలిపి పంపుతో గాలి కొడితే, ఒత్తిడికి గురైన గాలి నీటిని కిందికి తోస్తుంది, ఆ తోపుకు ప్రతిచర్యగా సీసా పైకి లేస్తుంది. లోపలి ఒత్తిడి వాతావరణ పీడనం కన్నా నాలుగు రెట్లు అధికంగా ఉంటే నీరు సెకనుకు సుమారు 28 మీటర్ల వేగంతో బయటపడుతుంది, మొదటి క్షణంలో సీసా మీద దాదాపు 30 కిలోల బరువుకు సమానమైన తోపు పడుతుంది, సెకనులో పదో వంతు గడవకముందే నీరంతా అయిపోతుంది. మామూలు మంచినీళ్ల సీసా ఇంత ఒత్తిడికి తాళదు. గ్యాసు పానీయపు సీసాయే కావాలి, దానికైనా గీతలు పడరాదు, వేడి జిగురు తగలరాదు. ఒత్తిడిని నాలుగు రెట్లకు మించనీయకుండా, పది మీటర్ల దూరం నుంచి తాడు లాగి విడుదల చేసే ఏర్పాటు తప్పనిసరి.

ఇక తోకరెక్కల దగ్గరే అసలు పనితనం మొదలవుతుంది. నిజామాబాద్ జిల్లాలో బీడీలు చుట్టే మహిళలు తునికాకు మీద రేకు అచ్చు పెట్టి కత్తెరతో కోస్తారు. ఆకుకూ ఆకుకూ కొలత మారకుండా కాపాడేది ఆ రేకే. రెక్కల కోసం కూడా పాత డబ్బా రేకుతో అటువంటి అచ్చు ఒకటి చేసుకుంటే మూడూ ఒకే తీరుగా వస్తాయి. సీసా చుట్టూ కాగితపు పట్టీ చుట్టి, దాన్ని విప్పి మూడు సమాన మడతలు వేస్తే రెక్కలు నిలబెట్టే చోట్లు తేలుతాయి. గొట్టం పొడవునా వంకర లేని గీత గీయడానికి తలుపు చౌకట్టు మూలకు దాన్ని ఆనించి పెన్సిలు నడిపితే చాలు.

రాకెట్ స్థిరత్వం రెండు బిందువుల మీద నిలుస్తుంది. బరువంతా సమతూకంలో నిలిచే చోటు గురుత్వ కేంద్రం. గాలి తాకిడి మొత్తం కేంద్రీకృతమైనట్టు లెక్కించే చోటు పీడన కేంద్రం. మొదటిది రెండోదానికన్నా ముక్కువైపు కనీసం ఒక గొట్టపు వ్యాసమంత ముందుండాలి, లేకపోతే రాకెట్ గాల్లోనే పల్టీలు కొడుతుంది. గురుత్వ కేంద్రం దారంతో వేలాడదీస్తే తెలుస్తుంది, నీరు పోయిన తరువాతి స్థితి కోసం సీసాను ఖాళీగానే తూచాలి. పీడన కేంద్రం కోసం రాకెట్ పక్కరూపాన్ని అట్టముక్క మీద గీసి కత్తిరించి స్కేలు అంచున నిలబెడితే, అది ఒరగకుండా నిలిచిన చోటే సమాధానం. ఈ అట్టముక్క చెప్పే లెక్క కొంత జాగ్రత్తవైపే మొగ్గుతుంది, అందువల్ల చేతిపనికి అది సరిపోతుంది. ముక్కు తేలికైతే కాస్త బంకమట్టి చేర్చి మళ్లీ తూచాలి. విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో సొరంగంలో గాలి వీయించి తేల్చే విషయాన్ని అట్ట, దారం, ఓపిక చాలావరకు తేల్చగలగడం ఈ విద్యకున్న నిజమైన గొప్పతనం. 2022 నవంబరు 18న హైదరాబాద్ సంస్థ స్కైరూట్ ప్రయోగించిన విక్రమ్-ఎస్ రాకెట్ రూపకల్పనలోనూ ఇదే స్థిరత్వ సూత్రాన్ని లెక్కలోకి తీసుకోక తప్పదు.

ఎత్తు కొలవడానికి కోణమానినికి దారం, చిన్న గుండు కట్టి పైకి గురిపెట్టాలి. ప్రయోగస్థలం నుంచి 50 మీటర్ల దూరాన నిలిచినవారికి శిఖరబిందువు 45 డిగ్రీల కోణంలో కనిపిస్తే, రాకెట్ చూసేవారి కంటి మట్టానికి 50 మీటర్ల పైన ఉన్నట్టు. గాలికి రాకెట్ పక్కకు జరిగితే ఈ లెక్క తప్పుతుంది గనక ఇద్దరు వేర్వేరు చోట్ల నుంచి నిలువు కోణంతో పాటు అడ్డు కోణమూ కొలుస్తారు. వారి ఫలితాల మధ్య తేడా పది శాతం దాటితే పోటీల్లో ఆ ప్రయోగపు ఎత్తును నమోదు చేయరు.