స్నానం చేస్తావా?

“నువ్వు స్నానం చేస్తావా?” అని అడిగాను. ఎదురుగా కూర్చున్న పదహారేళ్ల అమ్మాయి నన్ను ఎగాదిగా చూసి, “పొద్దున్నే చేశాగా మేడమ్” అంది. కాగితం మీద ‘ప్రశ్న అర్థం కాలేదు’ అని రాసుకున్నాను.

ఇంటికెళ్లే ఆటోలో వెలిగింది. ఆ పిల్లకి బాగానే అర్థమైంది. ‘చేస్తావా’ అంటే మన భాషలో రోజూ చేసే అలవాటూ అవుతుంది, ఇప్పుడు లేచి వెళ్లమనడమూ అవుతుంది. ‘ఎవరి సాయం లేకుండా చేసుకోగలవా’ అన్న నా అర్థం మాత్రం ఆ ముక్కలో ఎక్కడా లేదు.

డౌన్ సిండ్రోమ్, ఆటిజం ఉన్న పిల్లల రోజువారీ పనుల గురించి, వాళ్లని మదింపు చేసే మేం వాళ్లనే అడగడం తక్కువ. ఎడ్గార్ డాల్ 1930ల్లో అమెరికాలో తయారుచేసిన వైన్‌ల్యాండ్ స్కేలు, మాలిన్ మన దేశానికి మలిచిన రూపంలో, ఇంకా మా బల్లల మీద ఉంది. జవాబులు చెప్పేది అమ్మ. మూడేళ్ల బిడ్డకైతే సరే. పదహారేళ్ల మనిషి పక్కనే ఉండగా ఆమె సంగతి ఇంకొకరిని అడగడం మర్యాదేనా అన్న అనుమానం నాకు చాలా ఆలస్యంగా వచ్చింది.

పోనీ నేరుగా అడిగితే? అవునా కాదా అంటే, మేధో వైకల్యం ఉన్నవాళ్లలో సందేహం ఉన్నప్పుడు ‘అవును’ అనేసేవాళ్లే ఎక్కువని కరోల్ సిగెల్‌మన్ బృందం 1981లోనే చూపించింది. మేడమ్‌కి ఏ జవాబు కావాలో కనిపెట్టి తలూపే పిల్లలు నాకూ తెలుసు.

అమెరికాలో 14 నుంచి 22 ఏళ్ల వాళ్లు సొంతంగా జవాబిచ్చేలా ‘పెడి-ప్రో’ అనే మదింపు సాధనాన్ని తయారుచేశారు. తయారీలో వైకల్యం ఉన్న యువత కూడా పాలుపంచుకున్నారు. చాలా సులువు, కొంచెం సులువు, కొంచెం కష్టం: ఎంచుకోవడానికి ఈ మూడే. ‘రాదు’ అన్న గడి లేకపోవడం నాకు భలే నచ్చింది.

ఆ స్ఫూర్తితో నేనూ ఆ మూడు జవాబులకీ మూడు బొమ్మలు గీయించాను. ఇది స్కేలు కాదు, దీనికి స్కోరూ లేదు. మాట కలపడానికి మాత్రమే. అదే అమ్మాయిని, “నీకు నువ్వే టీ పెట్టుకోవడం?” అని అడిగాను. అమ్మ నింపిన ఫారంలో దానికి ‘రాదు’ అని ఉంది. పిల్ల ‘కొంచెం కష్టం’ మీద వేలు పెట్టింది.

“అందులో ఏది కష్టం?”

“లైటర్. అమ్మ అటక మీద పెడుతుంది.”

“కాల్చుకుంటుందేమోనని మేడమ్” అంది తల్లి.

“కాలదు. పిన్ని వాళ్లింట్లో నేనే పెడతా” అంది పిల్ల.