రాజుగారి చుట్టరికం: ఒక పోలిష్ వలస కుటుంబ చరిత్ర

జార్జ్ ఓలిన్ జబ్రిస్కీ తన వంశచరిత్రను రెండు సంపుటాలుగా 1963లో వెలువరించాడు. ‘మూడు వందల ఒక్క సంవత్సరాల చరిత్ర’ అన్న మాట గ్రంథం పేరులోనే ఉంది. మూడు వందలని ఊరుకోకుండా ఆ ఒక్క ఏడూ కలిపి చెప్పిన నిక్కచ్చితనం నాకు నచ్చింది. ఆ లెక్క 1662 నుంచి మొదలవుతుంది. ఆ ఏడాది ఆగస్టు నెలాఖరున ఆంస్టర్‌డాం నుంచి బయలుదేరిన ‘ఫాక్స్’ అనే డచ్చి ఓడ ప్రయాణికుల పట్టీలో, ప్రష్యా నుంచి వచ్చినవాడిగా ఆల్బ్రెక్ట్ జబొరోవ్‌స్కీ పేరు నమోదైంది. నేటి న్యూజెర్సీలోని హ్యాకెన్‌సాక్, పరామస్ పరిసరాల్లో భూములు సంపాదించి, 1676లో మాక్టెల్ట్ వాన్ డెర్ లిండెన్ అనే డచ్చి యువతిని పెళ్లాడి, ఐదుగురు కొడుకులను కని, 1711లో కన్నుమూశాడు. బెర్గెన్ కౌంటీలో కాపురముండే తెలుగువారికి ఈ ఊళ్లన్నీ రోజూ కారులో దాటిపోయేవే.

దస్తావేజులు చెప్పేది సుమారుగా ఇంతే. వంశంలో తరతరాలుగా చెప్పుకొనే కథలు మాత్రం ఇంతతో ఆగవు. ఆయన లూథరన్ మతాచార్యుడు కావడానికి చదువుకున్నాడనీ, బలవంతంగా సైన్యంలో చేర్చుకుంటే తప్పించుకొని హాలండ్‌కు పారిపోయాడనీ ఒక కథ. పెద్దకొడుకు జేకబ్‌ను చిన్నతనంలో ఆదివాసులు ఎత్తుకుపోయి, తమ భాష నేర్పి తిరిగి పంపారనీ, అందుకు బదులుగా భూమి కూడా ఇచ్చారనీ మరొకటి. వీటన్నిటినీ మించినది, ఆయన పోలండ్ రాజు యాన్ సొబియెస్కీకి చుట్టమన్న కథ.

రోగి చెప్పిన వృత్తాంతాన్ని తారీకులతో సరిచూడడం మా వృత్తిలో మొదటి పాఠం. సొబియెస్కీ రాజుగా ఎన్నికైనది 1674లో. వియన్నా దగ్గర తురుష్క సైన్యాన్ని ఓడించి యూరప్ అంతటా పేరు తెచ్చుకున్నది 1683లో. ఆల్బ్రెక్ట్ ఓడ ఎక్కేనాటికి ఆయన ఇంకా సింహాసనమే ఎక్కలేదు. పైగా ఆనాటి పోలండ్‌లో రాజును ప్రభువర్గం ఎన్నుకొనేది. వంశ పారంపర్యంగా వచ్చే పదవి కాదది. రెండు ఇంటిపేర్లు చెవికి దగ్గరగా వినిపించడం తప్ప ఈ చుట్టరికానికి నాకు మరో ఆధారం కనిపించలేదు.

ఆ ఇంటిపేరును విడదీసి చూస్తే తెలుగువారికి సులువుగానే అర్థమవుతుంది. ‘జబొరోవ్‌స్కీ’ అంటే జబొరూవ్ లేదా జబొరోవో అనే ఊరివాడని అర్థం; అడవికి ఆవలి ఊరన్నది ఆ ఊరిపేరు అర్థం. అలాంటి పేరున్న ఊళ్లు పోలండ్‌లో ఎన్నో ఉన్నాయి. మన కొత్తపల్లివారు అలాంటివారే కదా! కొత్తపల్లి ప్రతి జిల్లాలోనూ ఉంటుంది. ఆ ఇంటిపేరున్నవారంతా ఒక్క కుదురుకు చెందినవారని ఎవరూ అనరు. ‘స్కీ’ అని ముగిసే పేర్లు ప్రభువులకూ ఉన్నాయి, పట్టణ వర్తకులకూ ఉన్నాయి, రైతులకూ ఉన్నాయి. పేరు తోకను బట్టి హోదాను తేల్చలేం.

అసలు ఆయనను పోలిష్‌వాడని ఎంతవరకు అనవచ్చు? పెళ్లి దస్తావేజులో పుట్టిన ఊరి పేరు డచ్చి రాతగాడి చేతిలో వంకరపోయింది. అది ప్రష్యాలోని ఆంగర్‌బుర్గ్ అని తరవాతివారు గుర్తించారు. ఇప్పుడది పోలండ్‌లోని వెంగొజెవో. ఆయన పుట్టిన 1638 నాటికి ప్రష్యా డచీ పోలండ్ రాజుకు సామంత రాజ్యం. 1657లో ఆ సంబంధం తెగింది. 1950లో కర్నూలులో పుట్టినవారి కాగితాల మీద జన్మస్థలం మద్రాసు రాష్ట్రంలో ఉంటుంది; అంతమాత్రాన వారిని తమిళులంటామా? ఆయన తనను ఏమని చెప్పుకొనేవాడో కాగితాలు చెప్పవు. పోలిష్ అమెరికన్లు తమ తొలి వలసదారుల్లో ఒకరిగా ఆయనను లెక్కించుకోవడం చాలా తరవాతి సంగతి.

చుట్టరికపు మోజు పంతొమ్మిదో శతాబ్దంలో మరో మెట్టెక్కింది. న్యూయార్క్‌లో ధనవంతులైన ఒక శాఖవారు జబ్రిస్కీని ‘జ్బొరోవ్‌స్కీ’గా మార్చుకున్నారు. అది పోలండ్‌లో పదహారో శతాబ్దపు గొప్ప ప్రభువంశం పేరు. ఆ శాఖకు చెందిన ఇలియట్ తనను కౌంట్‌నని చెప్పుకొన్నాడు. 1903లో ఫ్రాన్స్‌లో లా టుర్బీ కొండ ఎక్కే కార్ల పందెంలో మరణించాడు. కొడుకు లూయీ విమానపు ఇంజిన్ బిగించిన ‘చిట్టీ బ్యాంగ్ బ్యాంగ్’ కారును తయారు చేయించి, 1924లో మోంజా పందెంలో చనిపోయాడు. ఇయన్ ఫ్లెమింగ్ పిల్లల పుస్తకానికి పేరు వచ్చింది ఆ కారు నుంచే. మరోవైపు డెత్ వ్యాలీలోని జబ్రిస్కీ పాయింట్ కూడా ఈ ఇంటిపేరే. బోరాక్స్ కంపెనీ అధికారి క్రిస్టియన్ జబ్రిస్కీ జ్ఞాపకంగా పెట్టినది. అంటోనియోనీ 1970లో తీసిన సినిమా వల్ల ఆ పేరు విన్నవారిలో ఎంతమందికి ప్రష్యా గుర్తొస్తుంది?

నా అసలు అభ్యంతరం ఇంటిపేరు వెంట నడిచే పద్ధతి మీదనే. పదితరాల వెనక మనకు 1,024 మంది పూర్వీకుల స్థానాలు ఉంటాయి. మేనరికాలుంటే మనుషుల సంఖ్య తగ్గుతుంది. బెర్గెన్ డచ్చి కుటుంబాల్లో దగ్గరి పెళ్లిళ్లు తక్కువేమీ కాదు. వారిలో ఆల్బ్రెక్ట్ ఒక్కడు. తండ్రి నుంచి కొడుకుకు సంక్రమించే వై క్రోమోజోమును పక్కన పెడితే, పదోతరంవాడికి ఆయన నుంచి ఒక్క జన్యు శకలం కూడా అందకపోయే అవకాశం గణనీయంగానే ఉంది. ఐదుగురు కొడుకుల్లోనూ సగం మాక్టెల్ట్. అయినా మూలపురుషుడే తప్ప మూలస్త్రీ అన్న మాటే ఈ సాహిత్యంలో వినపడదు. మన పిల్లల కోసం అమెరికాలో మనం గీయించుకుంటున్న వంశవృక్షాల్లోనూ ఇదే వరస: దివాను తాతగారు పైకొమ్మన ఉంటారు, పుట్టింటి పేరు మరుగునపడిన అవ్వలు ‘భార్య’ అన్న మాట వెనక ఉంటారు.

ఇంటిపేరు చెప్పనివారు ఇంకా ఉన్నారు. రివర్ ఎడ్జ్‌లో హ్యాకెన్‌సాక్ నది ఒడ్డున నేటికీ నిలిచి ఉన్న వాన్ స్టూబెన్ ఇల్లు నిజానికి జబ్రిస్కీలది. విప్లవ కాలంలో దాని యజమాని బ్రిటిష్ రాజు పక్షాన నిలిచాడు. ప్రభుత్వం ఆస్తిని జప్తు చేసి 1783లో సేనాని స్టూబెన్‌కు కట్టబెట్టింది. ఆయన 1788లో తిరిగి ఆ కుటుంబానికే అమ్మేశాడు. ఈ కథంతా ఆసక్తిగా చెప్పుకొంటారు. కానీ ఆ నదీలోయలోని పొలాలు అంతకుముందు లెనాపె జనానివి. ఆ తరవాత వాటిని దున్నినవారిలో ఆఫ్రికన్ బానిసలు ఎందరో. 1790 జనగణన నాటికి న్యూజెర్సీ కౌంటీలన్నిటిలోకీ బానిసల సంఖ్య ఎక్కువగా ఉన్నది బెర్గెన్‌లోనే. జబ్రిస్కీలూ బానిసల యజమానులే. 1804 నాటి చట్టం కూడా అప్పటికే బానిసలైనవారిని విడిపించలేదు. ఆ జూలై 4 తరవాత పుట్టిన పిల్లలకు మాత్రం, ఆడవారికి 21, మగవారికి 25 ఏళ్లు నిండాక స్వేచ్ఛ ఇచ్చింది. ఆనాటి వీలునామాల్లో, ఆస్తి పట్టికల్లో ఈ మనుషులు పశువుల సరసన, చాలాచోట్ల ఒంటిపేరుతో కనిపిస్తారు. ఇంటిపేర్ల అకారాది క్రమంలో నడిచే సూచికల్లో వారిని వెతకాలంటే యజమాని పేరు కిందనే వెతకాలి.